నోట రాని పేరు

మరిగే నీళ్ళు పిండి మీద పోయగానే ఆవిరి గుప్పున లేచింది. అనంతమ్మ ముఖం పక్కకు తిప్పుకుందే తప్ప చేయి ఆపలేదు. గరిటె కాడతో పిండిని గిరగిరా కలియదిప్పి, చల్లారేదాకా ఆగకుండా రెండు చేతులూ దానిలోకి దించేసింది. జొన్నపిండి సంగతి ఆమెకు బాగా తెలుసు. గోధుమపిండిలా అది బుద్ధిగా సాగదు. ఆరిపోయిందంటే ఇక ఎవరి మాటా వినదు. వేడి మీదే దాన్ని లొంగదీసుకోవాలి. అట్లా లొంగదీసీ లొంగదీసీ ఆమె అరచేతులు అరిగిన చెప్పుల్లా నున్నగా అయిపోయాయి. ఆ పొద్దున బ్యాంకులో వేలిముద్రల మిషను మీద బొటనవేలు ఎన్నిసార్లు పెట్టినా అది ఒప్పుకోలేదు. "ఈమె వేళ్ళకు గీతలే లేవు కదా" అని బ్యాంకు సారు విసుక్కుని, చివరికి కళ్ళ ఫొటో తీసి పని కానిచ్చాడు.

పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళింది. జహీరాబాద్‌లో బీదర్ పోయే రోడ్డు మలుపులో ఆమె రొట్టెల దుకాణం. దుకాణమంటే గోడలూ తలుపులూ ఏమీ లేవు. నాలుగు ఇనుప పైపులు, పైన నీలం పట్టా, కింద కట్టెల పొయ్యి, ఒక బల్ల, ఒక స్టూలు. ఆ ముందు పైపుకే రాగి తీగతో కట్టి ఉంది బోర్డు. నల్లగళ్ళ ప్లాస్టిక్ పలక. ఫోన్ దానికి చూపిస్తే పైసలు పడతాయి. ఊళ్ళో అందరూ దాన్ని స్కానర్ అంటారు. తువ్వాలు అంచు తడిపి ఆమె దాన్ని పై నుంచి కిందికి మెల్లగా తుడిచింది. తువ్వాలు ఆమెది కాదు, మొగుడిది. బోర్డు కట్టినవాడూ ఆయనే. పొగకు మసిబారితే ఫోన్లకు కనపడదని ఆయన రోజూ పొద్దు వాలకముందే తుడిచేవాడు. ఎంత తుడిచాడంటే, అడుగున అచ్చువేసిన తన పేరే చెరిగిపోయేదాకా తుడిచాడు. కిందటి వానల్లో కామెర్లు వచ్చి ఆయన చనిపోయాడు. ఇప్పుడు తుడిచే పని ఆమెది.

ఆ బోర్డుకు ఇదే ఆఖరి సాయంత్రం. పొద్దున ఆమె కూతురు గ్లోరీ, సంగారెడ్డిలో నర్సు పని చేసే పిల్ల, సెలవు పెట్టి వచ్చి తల్లిని చేయి పట్టుకుని మరీ బ్యాంకుకు తీసుకుపోయింది. ఖాతా ఉన్న మనిషి స్వయంగా రావాలని తండ్రి ఫోన్‌కు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. రాకపోతే డబ్బులు ఆగిపోతాయట. ఇవాళ పోదాం రేపు పోదాం అంటూ అనంతమ్మ ఎన్నాళ్ళో నెట్టుకొచ్చింది. ఇక లాభం లేక పోవలసి వచ్చింది. పాత ఖాతా సాయంత్రానికల్లా ఆగిపోతుందనీ, ఆమె పేరున కొత్తది తెరిచామనీ, కంపెనీ మనిషి వచ్చి కొత్త బోర్డు ఇస్తాడనీ సారు చెప్పాడు. అంతకుముందు కాగితం మీద పెన్ను పెట్టి "చనిపోయిన వ్యక్తి పేరు?" అని అడిగాడు. అనంతమ్మ కూతురి వైపు చూసింది. గ్లోరీ చెప్పింది.

అవును మరి, అనంతమ్మ మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకలేదు. రాయికోడ్ దగ్గరి ఊళ్ళో పెళ్ళయిన నాడే తల్లి ఆమెను పక్కకు పిలిచి, "మొగని పేరు పిలిస్తె ఆయుష్షు తరుగుతది బిడ్డా, నోరు జాగ్రత్త" అంది. అంతే, ఆ మాట ఆమె కడుపులో పడిపోయింది. గ్లోరీ పుట్టకముందు "ఇగో", "ఓ మనిషీ". పుట్టాక "గ్లోరీ నాయిన". ఇదంతా వట్టి భయం, దేవుని బిడ్డలకు తగదు అని గుడిలో పాస్టరయ్య నవ్వుతూ చెప్తే "ఔనయ్యా" అని తల ఊపేది, మళ్ళీ "గ్లోరీ నాయిన" అనే అనేది. రేషన్ దుకాణంలో కార్డు చూపించేది. దవాఖానలో ఆయన చివరి మంచం దగ్గర నర్సు పేరు అడిగితే ఆధార్ కార్డు చూపించింది. ఇన్నేళ్ళు నోరు కట్టుకుని కాపాడుకున్నా ఆయన పోనే పోయాడు. పోయాక కూడా ఆమె నోరు విప్పలేదు. పలికితే ఉన్న కాస్తా పోతుందేమోనని లోపల గుబులు.

ఆ ఉన్న కాస్తా ఏమిటంటే, ఈ బోర్డు. దానికి ఫోన్ చూపించిన ప్రతి మనిషికీ తెరమీద ఆయన పేరు వస్తుంది. పైసలు కొట్టేముందు పేరు సరిచూసుకోవడం అందరికీ అలవాటే కదా. ఎవరో ఒకరు పైకి చదువుతారు. "ఇస్సాకు... ఇదేనా అవ్వా?" అంటారు. "ఆఁ, ఆయనదే" అంటుంది ఆమె. తాను అనలేని పేరు ఊరంతా ఆమె చెవిలో వేసి పోతుంది. ఎవరైనా చదవకుండా కొట్టబోతే ఆమె ఊరుకోదు. "పేరు సదివి కొట్టు బిడ్డా" అంటుంది. అవ్వ భలే హుషారు, పైసా అటు ఇటు పోనివ్వదు అని జనం నవ్వుకుంటారు. నవ్వుకోనీ!

ఎన్ని నోళ్ళో, ఆ పేరుకు అన్ని రూపాలు. ముంబై దారి లారీ డ్రైవర్లు "ఇసాక్ భావూ?" అంటారు. బీదర్ నుంచి వచ్చేవాళ్ళు "ఇస్సాకప్ప" అంటారు. మసీదు గల్లీ పెద్దాయన గొంతు లోపలి నుంచి తీసి "ఇస్‌హాఖ్ సాబ్" అంటాడు, వినడానికి ఎంత బాగుంటుందో. ఒక టీచరమ్మ అయితే "ఇస్సాకు గారేనా అండి?" అంది ఒకసారి. బతికి ఉండగా ఒక్కరూ గారు అనలేదు ఆ మనిషిని. ఆ రాత్రి అనంతమ్మ అన్నం ముందు కూర్చుని ఆ గారును తలుచుకుని తలుచుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది.

ఆయన ఎట్లాంటి మనిషంటే, నోట్లో నాలుక లేని మనిషి. అల్లం మార్కెట్‌లో హమాలీ. బస్తాలు మోసీ మోసీ నడుము పట్టేసిన తర్వాత వచ్చి పెళ్ళాం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. రొట్టెలు ఆమె కొడుతుంది, పైసలు ఆయన తీసుకోవాలి, అదీ ఒప్పందం. తీసుకోవాలంటే అడగాలి కదా. ఆ ముక్క ఆయన నోట రాదే! తిన్నవాడు చేయి కడుక్కుని మూతి తుడుచుకుని పోతుంటే, ఈయన తల గోక్కుంటూ రోడ్డు వైపు చూసేవాడు. "ఓ మనిషీ, ఆయన పోతున్నడు, అడుగు!" అని అనంతమ్మ పిండి చేతులతోనే అరిచేది. "అడుగుతె ఏమనుకుంటడో" అనేవాడు. ఏమనుకుంటాడు, తిన్నందుకు ఇవ్వాలని అనుకుంటాడు. ఆమె తల కొట్టుకునేది.

అట్లాంటి మనిషికి బోర్డు వచ్చిన రోజు చూడాలి! కట్టిన తీగను మళ్ళీ మళ్ళీ బిగించి, వెనక్కి నడిచి, రోడ్డు మీది నుంచి చూసుకున్నాడు. "ఇగ నేను అడుగుడు లేదే. అదే అడుగుతది" అన్నాడు. బోర్డుతో పాటు ఇచ్చిన చిన్న డబ్బా, పైసలు పడగానే ఇన్ని రూపాయలు వచ్చాయని గట్టిగా చెప్తుంది కదా, అది చెప్పాక కూడా ఆయన తన వంతుగా ఒక మాట అనేవాడు. "వచ్చినయి బిడ్డా. పో." ఆ డబ్బా చెప్పినదానికి ఈయన సాక్ష్యమన్నట్టు. జీవితంలో ఎవరినీ ఏమీ అడగలేని మనిషి ఆఖరికి అడగకుండానే తీసుకునే ఏర్పాటు చేసుకుని, ఆ సుఖం రెండేళ్ళయినా నిండా అనుభవించకుండా పోయాడు.

"అమ్మా, గట్ల ముఖం పెట్టకు" అంది గ్లోరీ, పొయ్యిలో కట్టెలు సర్దుతూ.

"నేనేమన్ననే?"

"అనకుంటె ఏంది, పొద్దటి సంది చూస్తలేనా? పైసలు ఆగిపోతె ఏం తింటవు? పేరు మారితె మనిషి మారుతడా?"

"మనిషి ఏడున్నడే, మారనీకి" అంది అనంతమ్మ.

గ్లోరీ కట్టె ఒకటి పొయ్యిలోకి తోసింది. బ్యాంకులో కూడా ఇదే గోల. "పైసలు నాకే రానీ, పేరు మాత్రం ఆయనదే ఉండనియ్యరా? సారును అడుగు" అని తల్లి తన చెవిలో గుసగుసలాడితే, "గట్లెట్ల ఉంటదే, సారు నవ్వుతడు" అని కసురుకుంది. కసిరినందుకు ఇప్పుడు మనసులో ఏదోలా ఉంది పిల్లకు. వంగి తల్లి నుదుటి మీది పిండి తన చున్నీతో తుడిచింది.

అంతలో నర్సింగ్ ఆటో వచ్చి ఆగింది. నర్సింగ్ మార్కెట్‌లో ఆయనతో పాటు బస్తాలు మోసినవాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. రోజూ మధ్యాహ్నం ఆమె సామాన్లు తెస్తాడు, దుకాణం కట్టేశాక తీసుకుపోతాడు. కిరాయి ఇస్తే తిట్టిపోస్తాడు.

"ఏం వదినా, రేపటి సంది నువ్వే సేటువంట గదా! పైసలన్నీ నీ పేరు మీదనే పడ్తయంట. మరి నాకు చాయ్ తాపిస్తవా లేదా?"

"నీ నోట్ల మన్ను వడ. రొట్టె తిను ముందుగాల."

"తింట తింట. బిడ్డను బస్టాండ్ల దింపి వస్త. సంగారెడ్డి బస్సు టైమయితుంది. గా కంపెనీ పోరడు ఇంక రాలేదా?"

రాలేదు. గ్లోరీ రోడ్డు వైపు రెండుసార్లు చూసింది. తెల్లారితే డ్యూటీ ఉంది, ఇక ఆగే వీలు లేదు. "అమ్మా, ఆయన వస్తె నీ ఆధార్ చూపియ్యి, చాలు. అన్నీ ఆయనే చేస్తడు. జర భయపడకు" అని చెప్పి, తల్లి చేతిలో చేయి వేసి, పిండి అంటిన చేతితోనే ఆటో ఎక్కింది. బస్టాండ్ దగ్గర చిరాగ్‌పల్లి కిరాయి దొరికితే పోయి వస్తానని నర్సింగ్ కేకేశాడు. ఆటో మలుపు తిరిగింది. అనంతమ్మ పీట ముందు కూర్చుంది.

రొట్టె కొట్టడం చూసి తీరవలసిన పని. ముద్దను పొడిపిండిలో దొర్లించి, పీట మీద పెట్టి, కుడిచేత్తో టపటపా కొడుతూ ఎడమచేత్తో తిప్పుతుంటే, అది తనంత తానే పెద్దదవుతున్నట్టు కనిపిస్తుంది. రెండు చేతుల మీదికి ఎత్తి పెనం మీద పరిచి, తడిగుడ్డతో పైన నీళ్ళు పూసి, తిరగేసి, చివరికి నిప్పుల వైపు జరిపితే బుసబుసా పొంగుతుంది. పొంగిన రొట్టె మీద వెల్లుల్లి కారం, పక్కన పల్లి చట్నీ. ఆ చప్పుడు మొదలైతే చాలు, మలుపులో బండ్లు ఆగుతాయి. ఆమె పక్కన స్టూలు ఖాళీగానే ఉంటుంది. ఎవరైనా కూర్చుంటారేమోనని దాని మీద పిండి డబ్బా పెడుతుంది.

ఆ సాయంత్రం ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. లారీ డ్రైవర్ ఒకడు వచ్చి "ఇసాక్ భావూ నా?" అన్నాడు. "ఆఁ, ఆయనదే." డబ్బా పలికింది. చీర కొంగు ఎందుకో సర్దుకుంది ఆమె. ప్రతిసారీ అంతే, ఆ పేరు వినపడగానే ఎవరో వచ్చి స్టూలు పక్కన నిలబడినట్టు ఉంటుంది. తల తిప్పి చూడదు. చూస్తే ఉండడు, చూడకపోతే ఉంటాడు. తర్వాత కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి, తిని, ఫోన్ చూపించి గబగబా పోబోయారు.

"ఓ బిడ్డా, పేరు సూసినవా?"

"డబ్బాల వచ్చిందిగా అవ్వా."

"వచ్చినా సరే. ఏం పేరు వచ్చిందో సదువు."

పిల్లవాడు స్నేహితుడి వైపు చూసి నవ్వి, "ఇస్సాకు" అన్నాడు. అప్పజెప్పినట్టు. ఆమె తల ఊపి, పొండి అన్నట్టు చేయి ఊపింది. ఆ తర్వాత ఒకాయన నోటినిండా రొట్టె పెట్టుకుని ఏదో నమిలినట్టు ఆ పేరు నమిలి, పైసలు కొట్టి పోయాడు. అదే ఆఖరుదని ఆమెకేం తెలుసు? తెలిస్తే ఆపి, నీళ్ళు తాగించి, మళ్ళీ చదివించేది.

ఎందుకంటే తర్వాత వచ్చిన మనిషి ఫోన్ బోర్డుకు చూపించి, అటు ఇటు ఆడించి, "అవ్వా, ఇది పని చేస్తలేదట" అన్నాడు. "పేరు వచ్చిందా?" అని అడిగింది అనంతమ్మ. "పేరు లేదు, ఏం లేదు. చెల్లదంట." ఆయన జేబులో చిల్లర వెతికి బల్ల మీద పెట్టి పోయాడు. పెనం మీద రొట్టె పొంగింది. ఆమె దాన్ని తీయడం మరిచిపోయి, మళ్ళీ గుర్తొచ్చి తీసింది. ఆయనకు మట్టి ఇచ్చిన రోజు కూడా ఇంత చల్లగా లేదు ఆమె ఒళ్ళు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు, పాటలు పాడారు. ఇప్పుడు లారీలు పోతున్నాయి.

కంపెనీ మనిషి రితేష్ అప్పుడొచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, వీపుకు సంచి, చెమట. పొద్దుటి నుంచి తిరుగుతున్నాడట, ఇంకా మొగుడంపల్లి పోవాలట. ఆధార్ తీసుకుని ఫోన్‌లో టకటకా కొట్టాడు. కొత్త బోర్డు తీసి పాతదాని మీద అంటించబోతే అనంతమ్మ లేచి అడ్డం నిలబడింది. "దాని మీద వద్దు. గీ పక్క పైపుకు కట్టు." సరే అన్నాడు. పాపం, మంచివాడే. మళ్ళీ ఫోన్ తీసి, తల ఎత్తకుండా అడిగాడు.

"అవ్వా, దుకాణం పేరేం పెట్టాలె?"

"దుకాణం పేరేంది? పేరు నాదే వస్తదట గదా."

"ఖాతా నీదే. దుకాణం పేరు మాత్రం నీ ఇష్టం. ఎవ్వరు స్కాన్ చేసినా ముందుగాల గదే కనవడ్తది. కొందరు దేవుని పేరు పెట్టుకుంటరు, కొందరు పిల్లలది పెట్టుకుంటరు."

అనంతమ్మకు ఒక్క క్షణం వినపడింది నిజమేనా అనిపించింది. "ఎవ్వలదైనా పెట్టొచ్చా?"

"ఎవ్వలదైనా."

"సచ్చిపోయిన..." అని ఆగి, "ఇంట్ల లేని మనిషిది?"

"ఎవ్వలదైతే ఏంది అవ్వా. చెప్పు, కొడుత."

బ్యాంకు సారు ఇవ్వనిది ఈ పిల్లవాడు ఇస్తానంటున్నాడు! ఒక్క మాట చాలు. రేపు మళ్ళీ లారీ డ్రైవర్లు అంటారు, మసీదు గల్లీ పెద్దాయన అంటాడు, టీచరమ్మ గారు చేర్చి అంటుంది. ఆమె నోరు తెరిచింది. "గ్లోరీ నాయిన" అంది.

"గ్లోరీ అని పెట్టాల్నా?"

"గ్లోరీ కాదు బిడ్డా. గ్లోరీ నాయినది."

"ఆయన పేరేంది మరి?"

పేరు కళ్ళ ముందుంది, చెవుల్లో ఉంది, గొంతు దాకా వచ్చింది, పెదవుల దగ్గర తల్లి నిలబడి ఉంది. నోరు జాగ్రత్త బిడ్డా. ఆమె పాత బోర్డు వైపు చేయి చూపించింది. "గాడ ఉంటది సూడు." రితేష్ వంగి చూశాడు. "అరిగిపోయింది అవ్వా, ఒక్క అక్షరం లేదు." ఫోన్ చూపించాడు. చెల్లదనే వచ్చింది. ఆయన ఆధార్ కార్డు? అది పొద్దున బ్యాంకు కాగితాలతో పాటు గ్లోరీ సంచిలోకి పోయింది. గ్లోరీకి ఫోన్ చేసింది. బస్సు చప్పుడులో పిల్లకు వినపడలేదో ఏమో, మోగి మోగి ఆగింది. నర్సింగ్ చిరాగ్‌పల్లి దారిలో ఉన్నాడు, ఆటో నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు. ఆ మలుపులో అంత జనం, ఒక్కరికైనా ఆయన పేరు తెలియదు. తెలిసిన నోరు ఒక్కటే ఉంది, అది పెగలదు.

"రాసియ్యరాదు అవ్వా?"

"రాసుడు వస్తె ఇంకేంది."

రితేష్ గడియారం చూసుకున్నాడు. మంచివాడే, మరికాస్త ఆగాడు కూడా. "పేరు పెట్టకుంటె ఇది ముందుకు పోదు అవ్వా. ఇప్పటికైతే నీ పేరే కొడుత. మార్చాలంటె ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. అనంతమ్మ అని కొట్టి, కొత్త డబ్బా బల్ల మీద పెట్టి, పాత డబ్బా సంచిలో వేసుకుని, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. చేతికందిన అన్నం జారవిడిచినట్టు ఆమె చేతుల వైపు చూసుకుంది. ఎంత చేతకానిదాన్నే తల్లీ అనుకుంది. అడగలేని మొగుణ్ణి జన్మంతా తిట్టింది, ఇప్పుడు తనకు నోరు రాలేదు. అక్కడ పైనుంచి ఆయన తల గోక్కుంటూ నవ్వుతున్నాడేమో.

జనం మాత్రం ఆగరు కదా. మళ్ళీ పీట ముందు కూర్చుంది. కొత్త బోర్డుకు ఫోన్ చూపించిన మొదటి మనిషి "అనంతమ్మ?" అన్నాడు. ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమె అటు ఇటు చూసింది. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు అందరూ మట్టిలో ఉన్నారు. "ఆఁ" అని మాత్రం అంది. పేరు చదివి కొట్టమని ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

చీకటి పడే వేళకు నాగరాజ్ వచ్చాడు. ఊరవతలి ఫ్యాక్టరీలో పని. ఒకప్పుడు రోజూ షిఫ్టు దిగి వచ్చి ఇక్కడే తినేవాడు. ఏడాది కిందట కంపెనీ వాళ్ళు వేరే రాష్ట్రానికి పంపితే పోయి, ఈ వారమే తిరిగొచ్చాడు. బండి దిగుతూనే ముఖమంతా నవ్వు. "చిన్నమ్మా! బాగున్నవా? ఆడ రొట్టెలు చపాతీలకు ఎక్కువ, అప్పడాలకు తక్కువ. నీ రొట్టె కలలకు వచ్చింది పో!"

"కూసో బిడ్డా, ఏసిస్త" అంది. ముఖం ఎత్తలేదు.

"కాక ఏడి?"

పెనం మీద రొట్టె తిరగేసింది. ఎవరైనా దారినపోయేవాళ్ళు అడిగితే "ఉన్నడు" అని తేల్చేయడం ఆమెకు అలవాటు. ఇప్పుడూ అదే అంది. ఉన్నడు. నాగరాజ్ తలూపి, నిలబడే తిన్నాడు, ఇంకొకటి వేయించుకుని తిన్నాడు, ఆ ఊరి వేడి గురించి చెప్పాడు, కాకకు ఒక తువ్వాలు తెచ్చానని బండి డిక్కీ వైపు చూపించాడు. ఆయన తువ్వాలు చిరిగిపోయిందని వెళ్ళేముందు వెక్కిరించాడట. చేయి కడుక్కుని ఫోన్ తీశాడు. "స్కాన్ ఎందుకు, కాక పేరు నా ఫోన్ల ఇంకా పైనే ఉంది" అంటూ వేలితో ఒత్తి, ఆగి, మళ్ళీ ఒత్తాడు.

"పోతలేదు చిన్నమ్మా."

ఆమె తడిగుడ్డ చేతిలోకి తీసుకుంది.

"ఇస్సాకు కాకకు పోతలేదు. మల్లా మల్లా వెనుకకే వస్తున్నయి. నంబర్ మార్చిండా? ఎందుకు పోతలేదు ఇస్సాకు కాకకు?"

"ఇస్సాకు సచ్చిపోయిండు బిడ్డా."

అన్నది తానేనని ఆమెకు వెంటనే తెలియలేదు. తన గొంతు తన చెవికి ఎవరిదోలా వినపడింది. ఇంత చిన్న పేరా! జన్మంతా నోట్లో కొండలా మోసినది, వచ్చేటప్పుడు ఒక ఊపిరిలో వచ్చేసింది. అయితే వచ్చింది ఎట్లా వచ్చింది, సచ్చిపోయిండు అనే మాటను పట్టుకుని వచ్చింది. ఇక కాపాడడానికి ఏమీ మిగల్లేదు. భూమి బద్దలు కాలేదు. బీదర్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పెనం మీద రొట్టె నల్లగా మాడి పొగ లేచింది. ఇన్నేళ్ళలో ఆమె మాడ్చిన రొట్టె లేదు. అది మాడుతుంటే చూస్తూ, పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని, అనంతమ్మ గొంతెత్తి ఏడ్చింది.

నాగరాజ్ పెనం పట్టకారతో దించి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు చిన్నమ్మా?"

"వానల్ల."

"నాకు ఎవ్వలు చెప్పలే."

"నేనే ఎవ్వలకు చెప్పలే."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. పక్కకు వంగి, స్టూలు మీది పిండి డబ్బా ఎత్తి కింద పెట్టి, పిండి మరకను చేత్తో దులిపింది. "కూసో" అంది. అతను కూర్చోవడానికి జంకాడు. "కూసో బిడ్డా, ఏంగాదు" అంది మళ్ళీ. నాగరాజ్ అంచున కూర్చున్నాడు. ఆయన నవ్వు గురించి అతనొక మాట అన్నాడు, ఆయన అడగలేనితనం గురించి ఆమె ఒక మాట అంది, ఆ మాటల్లో ఇస్సాకు అనే పేరు ఆమె నోట ఇంకోసారి వచ్చింది. ఈసారి ఏడుపు రాలేదు. ఉప్పగా ఉంది నోరు, అంతే.

లేచేటప్పుడు అతను కొత్త బోర్డుకు ఫోన్ చూపించాడు. "అనంతమ్మ" అని చదివి, ఆమె వైపు చూశాడు.

"ఆఁ. నేనే."

కొత్త డబ్బా కొత్త గొంతుతో పలికింది. అది ఆగాక స్టూలు వైపు నుంచి ఒక మాట రావాలి. రాలేదు. ఆ ఖాళీ ఆమె భరించలేకపోయింది.

"వచ్చినయి బిడ్డా. పో" అంది.

నర్సింగ్ ఆటో వచ్చేసరికి పొయ్యి ఆర్పి, గిన్నెలు కడిగి, పీట తుడిచి పెట్టింది. ఆమె కళ్ళు చూసి అతను ఆటో ఇంకాస్త దగ్గరగా పెట్టాడు. సామాన్లు ఒక్కొక్కటే ఎక్కించాడు. పీట, పెనం, పిండి డబ్బా, స్టూలు, కొత్త బోర్డు, కొత్త డబ్బా, నాగరాజ్ ఇచ్చి పోయిన కొత్త తువ్వాలు. ముందు పైపు దగ్గర ఆగి, "వదినా, ఇగ ఇది చెల్లదు గదా, ఇప్పెయ్యాల్నా?" అన్నాడు.

"ఉండనీ."

ఆమె ఆటో దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. పాత తువ్వాలు అంచు తడిపి, పై నుంచి కిందికి ఒకసారి తుడిచి, వచ్చి ఎక్కి కూర్చుంది. ఆటో మలుపు తిరిగింది. రాగి తీగతో పైపుకు కట్టిన పాత బోర్డు రోడ్డు వైపు ముఖం పెట్టుకుని అక్కడే ఉంది, దాని మీద తడి ఇంకా ఆరలేదు.